మొదటి విమాన ప్రయాణం: భయం తగ్గేదెలా?

పై చదువుకు దూరదేశంలో సీటు వచ్చినా, విమానం ఎక్కాలంటే కాళ్లు వణికి, ఆ మాట ఇంట్లో చెప్పలేని పిల్లలున్నారు. సిగ్గుపడనక్కర్లేదు. భయం చాలావరకు తెలియని చప్పుళ్ల వల్ల పుడుతుంది కనుక వాటిని ముందే తెలుసుకోండి.

నేల విడిచిన కాసేపటికే కాళ్లకింద పెద్ద మోత వినిపిస్తుంది. చక్రాలు లోపలికి ముడుచుకుంటున్నాయన్నమాట. తరువాత ఇంజను హోరు తగ్గి, విమానం జారిపోతున్నట్టు అనిపిస్తుంది. చాలామంది హడలిపోయేది ఇక్కడే. నిజానికి నేల విడవడానికి కావలసినంత బలం ఆపైన అక్కర్లేదు కనుక దాన్ని తగ్గిస్తారు, అంతే. కుదుపులు గాలిలోని ఎగుడుదిగుళ్ల వల్ల వస్తాయి. రెక్క ఊగుతోందని కంగారుపడకండి, ఊగేలాగే దాన్ని తయారుచేస్తారు. వాడకంలో ఎదురుకాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు అది తట్టుకోవాలని నియమం. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివారికే, కూర్చున్నంతసేపూ తీయకండి.

రెక్కల దగ్గరి సీటులో ఊపు తక్కువ. గుండె దడదడలాడితే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే గుటకలు మింగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రమాద దృశ్యాలను ప్రయాణం ముందు మళ్లీ మళ్లీ చూపకండి. ఖర్చుకు వెసులుబాటుంటే, ముందుగా బెంగళూరు-చెన్నై వంటి గంట ప్రయాణం మీరూ పక్కన కూర్చుని చేయించండి.