పాత లెక్కల దస్త్రములు, క్రొత్త ఆఫీసు సాఫ్టువేరు

సంఘ కార్యాలయమునందలి కంప్యూటరు పాతబడినప్పుడు క్రొత్తది కొనుట సులభము. పాలకవర్గము తీర్మానించి, ధనము సమకూడిన చాలును. కాని యిరువదియేండ్లుగా పాతయంత్రములో వ్రాసియుంచిన సభ్యుల ఖాతాలు క్రొత్తదానిలో యథాతథముగా తెఱచుకొనునా యని కొనుటకు ముందు అడుగువారు తక్కువ. ఇది గుమాస్తాకు మాత్రమే సంబంధించిన పనియని సభ్యులు తలపరాదు. జహీరాబాదు ప్రాంతమున చెరకునకో, అల్లమునకో, ఆలుగడ్డకో అప్పు తీసికొని కిస్తులు చెల్లించిన రైతునకు చేతిరశీదు ఒక సాక్ష్యము, సంఘపు ఖాతా రెండవ సాక్ష్యము. రశీదు చెదలపాలైననాడు ఖాతాయే దిక్కు. కావున ఈ నెల దీనినిగూర్చి కొంత వివరింపదలచినాము.

మైక్రోసాఫ్టువారి ఆఫీసు సాఫ్టువేరులో యాక్సెస్ అను భాగమొకటి కలదు. ఇది 1992లో మొదట వెలువడినది. పెద్ద సాఫ్టువేరు కొనజాలని చిన్న కార్యాలయములు దీనితో తమకు తగిన లెక్కలపద్ధతి నేర్పఱచుకొనుట వాడుక. అందు రెండు పాళ్లుండును. సభ్యుల పేర్లు, అప్పులు, జమలు నిలుచు పట్టికలు ఒకపాలు. ఆ పట్టికలను చూపు తెరలు, వడ్డీకట్టు సూత్రములు, రశీదు అచ్చువేయు నమూనాలు రెండవపాలు. పట్టికలు ధాన్యమువంటివి, తక్కినవి కొలతకుంచములు, గోనెలు. ధాన్యమును వేఱొక గాదెకు మార్చుట అంత కష్టము కాదు. చిక్కు చాలవఱకు కుంచములయందే వచ్చును.

కూర్పుల సంగతి యిట్లున్నది. యాక్సెస్ 97లో కట్టిన దస్త్రమును 2013వ కూర్పుగాని, దాని తరువాతివిగాని తెఱవజాలవు. ముందుగా 2007 లేక 2010 కూర్పుగల యంత్రములో దానిని మార్చి, పిమ్మట క్రొత్తదానికి తేవలయును. కావున 97 నాటి దస్త్రముగల సంఘమువారు నడిమి కూర్పుగల యంత్రమొకటి చేతనున్నప్పుడే యీపని ముగించుకొనుట మేలు. 2000, 2003 కూర్పుల దస్త్రములను నేటి యాక్సెసును తెఱచును.

2007లో దస్త్రపు తీరే మాఱినది. పాతదాని పేరుచివర ఎం.డి.బి. అనియు, క్రొత్తదాని చివర ఎ.సి.సి.డి.బి. అనియు ఉండును. పాతతీరులో ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును అని మనిషికొక హక్కు నిర్ణయించు కట్టుబాటు కలదు. క్రొత్తతీరులో అది లేదు. అనగా నిన్నటివఱకు రశీదు వ్రాయుటకు మాత్రమే అధికారమున్న పనివాడు నేడు ఎవరి బాకీనైనను దిద్దగలవాడు కావచ్చును. పాలకవర్గము దీనిని లెక్కలోనికి తీసికొనకుండ దస్త్రము మార్చుట యుక్తము కాదని మా యభిప్రాయము. తగిన యేర్పాటు జరుగువఱకు ఎం.డి.బి. తీరులోనే నడుపుకొనుట మంచిది.

మఱియొకటి. క్రొత్త ఆఫీసు 32 బిట్లదియు, 64 బిట్లదియు దొరకును. 2019 కూర్పునుండి ప్రత్యేకముగా కోరనిచో 64 బిట్లదే స్థాపింపబడుచున్నది. పాత పద్ధతులలో విండోసును నేరుగా పిలుచు వాక్యములున్నచో అవి యిందు నడువవు, దిద్దవలసియుండును. దిద్దుటకు మూలదస్త్రము కావలయును. పద్ధతి కట్టియిచ్చినవాడు మూలమును తనయొద్ద నుంచుకొని మూసివేసిన ఎం.డి.ఇ. దస్త్రమునే సంఘమునకిచ్చియున్నచో దిద్దుటకు వీలుండదు. మోటారు కొని స్టార్టరుపెట్టె తాళముచెవి అమ్మినవానియొద్దనే విడిచి వచ్చినట్లు! కొను సమయముననే 32 బిట్ల కూర్పు కోరినచో ఈ బాధ చాలవఱకు తప్పును. ఇందులకు అదనపు వెల లేదు.

మెనూలు మాఱుట, బొత్తాములు వేఱుచోట కనబడుట స్వల్పవిషయములు. వారము దినములలో అలవాటగును.

తెలుగు పేర్ల సంగతి మాత్రము స్వల్పము కాదు. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చువఱకు కంప్యూటరులో యూనికోడు తెలుగునకు తగిన వసతి లేకుండెను. అను మొదలగు ఖతులతో వ్రాసినప్పుడు దస్త్రములో నిలుచునవి నిజముగా తెలుగక్షరములు కావు. ఇంగ్లీషు వరుసలోని సంకేతములు. ఆ ఖతి వానికి తెలుగు రూపము తొడుగును. ఖతి లేని క్రొత్తయంత్రములో సభ్యుని పేరు అర్థములేని గుర్తులగుంపుగా కనబడును. మొదట పాత ఖతిని క్రొత్తయంత్రములో చేర్పవలయును. పిమ్మట తీరికగా యూనికోడులోనికి మార్పించి, ప్రతిపేరును పాత ముద్రితప్రతితో చదివి సరిచూడవలయును. మార్పుడు సాధనములు వత్తులయొద్ద తప్పుచుండును. ఒకే యింటిపేరుగల యిద్దఱి ఖాతాలున్న గ్రామములో ఒక్క వత్తు తప్పినను పేచీ పుట్టును.

తేదీలందును జాగ్రత్త వలయును. సంవత్సరమును రెండంకెలతో వ్రాసినచో పెక్కు సాఫ్టువేరులు 00 మొదలు 29 వఱకు 2000 శతాబ్దిగాను, 30 మొదలు 99 వఱకు 1900 శతాబ్దిగాను గ్రహించును. బావికో, బిందుసేద్యమునకో తీసికొన్న దీర్ఘకాలపు అప్పు కిస్తు 2031లో గడువుండగా గుమాస్తా 31 అని వ్రాసినచో, యంత్రము దానిని 1931గా నెంచి, పుట్టని కిస్తునకు నూఱేండ్ల వడ్డీ కట్టగలదు. క్రొత్తదానికి మాఱునప్పుడే తేదీగడులన్నియు నాలుగంకెలకు తేవలయును.

పాతదానినే నడుపుకొనరాదా యని కొందఱందురు. ఆఫీసు 2010కి 2020 అక్టోబరు 13న, 2016, 2019 కూర్పులకు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టువారి మద్దతు ముగిసినది. అనగా దొంగలు క్రొత్త కంత వెదకినను పూడ్చువారు లేరు. ఇంటర్నెట్టునకు తగిలింపని యంత్రమునకు ఆ భయము తక్కువయే కాని, డిస్కు అరుగక మానదు.

కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకు ఆమోదము తెలిపి, 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు నిర్ణయించినది. అందఱకును ఒకే జాతీయ సాఫ్టువేరు అందలి యుద్దేశము. యాక్సెస్ విడిచి అట్టిదానికి మాఱు సంఘమునకును పేర్లు, తేదీలు, బాకీలు సరిచూచు పని తప్పదు.

సరిచూచు విధము చెప్పెదము. దస్త్రమునకు రెండు నకళ్లు తీసి, ఒకదానిని వేఱుచోట నుంచి, రెండవదానితోనే మార్పు ప్రయత్నింపవలయును. ఒకే తేదీకి రెండు యంత్రములలోను ఖాతాల సంఖ్య, అసలు మొత్తము, వడ్డీ మొత్తము తీసి పోల్చవలయును. మొత్తములు కుదిరినను చాలదు. ఒకరి తక్కువ మఱియొకరి యెక్కువతో మఱుగుపడవచ్చును. పూర్తిగా తీర్చినది, సగము తీర్చినది, గడువు మీఱినది, సభ్యుడు మరణింపగా వారసునిపేర మాఱినది, ఇట్టి ఖాతాలు కొన్ని యెత్తి పైసతోసహా చూడవలయును. ఆపైన ఒక నెల రెండింటను వ్రాయవలయును. కిస్తుల గడువునెలలో ఈపని పెట్టుకొనరాదు.

మార్పునకు ముందుదినమున ప్రతి సభ్యుడును తన ఖాతా నిలువను కాగితముపై అచ్చువేయించి, కార్యదర్శి సంతకముతో తీసికొనవచ్చును. పాతయంత్రమును ఆ సంవత్సరపు ఆడిటు ముగియువఱకు అమ్మకుండుడు.