లీష్ చేతికి చుట్టుకోకు

చి. సౌమ్యకు,


ఆదివారాలు షెల్టర్‌కు వెళ్లి కుక్కల్ని నడిపిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆపరేషన్ కాని మగకుక్క ఒకటి నీ కాళ్లు పట్టుకుని ఎక్కుతోందట, ఇంకో కుక్క కనిపిస్తే నిన్ను ఈడ్చుకుపోతోందట. ‘ఆపరేషన్ అయితే అన్నీ సర్దుకుంటాయి’ అన్నారట అక్కడివాళ్లు. అందులో సగమే నిజం తల్లీ. ఇన్నేళ్లు పశువైద్యం చేసినవాణ్ని, మిగతా సగం నేనే చెప్పాలి.

విత్తులు తీసేశాక టెస్టోస్టెరాన్ గంటల్లోనే పడిపోతుంది. అలవాటు అంత తొందరగా పోదు. ఆడకుక్క వాసనకు గోడ దూకి పారిపోవడం చాలా కుక్కల్లో బాగా తగ్గుతుంది. ఎక్కడం, కనబడిన స్తంభానికల్లా కాలెత్తడం కొన్నిట్లో తగ్గుతాయి, కొన్నిట్లో అలాగే ఉండిపోతాయి. ఇక భయంతో మీదికొచ్చే కుక్కకు ఆపరేషన్ ధైర్యం ఇవ్వదు. అందుకని డాక్టరు కత్తి కోసం ఎదురుచూడకుండా నీ చేతిలో ఉన్న పని చూసుకో.

కాలికి ఎక్కే కుక్కను చూసి సిగ్గుపడకు, కోప్పడకు. ఎక్కే ప్రతిసారీ అది కామమే కానక్కర్లేదు. ఆడకుక్కలూ ఎక్కుతాయి, ఆపరేషన్ అయినవీ ఎక్కుతాయి. రోజంతా బోనులో ఉండి బయటపడిన ప్రాణానికి ఉద్రేకం ఎటు పోవాలో తెలియదు, అంతే. నువ్వు అరిచి, మోకాలితో తోశావో, దానికి అదో ఆట. పక్కకు తిరిగి నిలబడి, గుప్పెడు బిస్కెట్ ముక్కలు గడ్డిలోకి విసురు. ముక్కు నేలకు దిగితే ఒళ్లు కూడా దిగుతుంది. అయినా వదలకపోతే లీష్‌ను గేటుకు తగిలించి, అందనంత దూరం జరిగి, అది కుదుటపడేదాకా ఆగు. ఎక్కబోయే ముందు చుట్టూ తిరగడం, లీష్ కొరకడం, చొక్కా చేయి లాగడం చేస్తుంది. అక్కడే పట్టుకోగలిగితే సగం గొడవ ఉండదు. నడక మొదట్లో తొందరపెట్టకుండా దాన్ని తీరిగ్గా వాసన చూడనివ్వు. ఎంత దూరం నడిచాం అన్న లెక్క మనకే గానీ దానికి లేదు.

ఇంకో కుక్క ఎదురైనప్పుడు మందు ఒక్కటే: దూరం. నోరు మూసి, ఒళ్లు బిగబట్టి, కళ్లార్పకుండా చూడటం మొదలెట్టిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అంతకుముందే వెనక్కి తిరిగిపో, లేదా ఆగి ఉన్న కారు చాటుకు తప్పుకో. మన హైదరాబాద్ సందుల్లో కార్లకేం కొదవ? లీష్ బిగించి నిలబెడితే దాని బిగువు ఇంకా పెరుగుతుంది. ముక్కూ ముక్కూ కలిపి స్నేహం చేయించే సరదా వద్దు. గుర్రుమంటే తిట్టకు. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక, దాని నోరు మూయించావంటే రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. లాగే కుక్కకు మెడపట్టీతో పాటు హార్నెస్ కూడా ఉండాలి. లీష్‌ను చేతికి చుట్టుకోకు, వేళ్లు విరుగుతాయి. ఒకవేళ కుక్కలు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకు, బకెట్ నీళ్లు కుమ్మరించు.

వెళ్లగానే, ఆడకుక్కల్లో ఏదైనా ఎదకొచ్చిందా అని అడుగు. ఆరేడు నెలలకోసారి వచ్చి రెండు మూడు వారాలుంటుంది. ఎర్ర మైల తగ్గింది కదా అనుకుంటారు గానీ, అది మగకుక్కను రానిచ్చేది సరిగ్గా అప్పుడే. దాన్ని పట్టుకున్న చేతులతో, అదే బట్టలతో మగకుక్క దగ్గరికి పోతే ఆ రోజు నీ మాట వినదు. మగవాటిని ముందు నడిపించు. ఆపరేషన్ అయిన మగకుక్కైనా కొన్ని వారాల దాకా కడుపు చేయగలదు, అదీ గుర్తుంచుకో.

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి చిరచిరలాడితే చెవిలో నొప్పో, గోమారి జ్వరమో అయివుండొచ్చు. డాక్టరుకు చెప్పు. షెల్టర్ పుస్తకంలో మాత్రం ‘అగ్రెసివ్’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోకు. ఆ మాట చూసి దాన్ని ఇంటికి తీసుకెళ్లేవాడు ఉండడు. ఏం కనబడింది, ఎంత దూరంలో, అది ఏం చేసింది, ఎంతసేపటికి తగ్గింది, ఇది రాయి. ఏదైనా కుక్క నీ బలానికి మించిందనిపిస్తే ఇంకొకరికి అప్పజెప్పు, నామర్దా ఏమీ లేదు.

చివర్న రాస్తున్నాను గానీ ముందు చేయాల్సింది ఇదే. కరవకముందే వేసుకునే రేబిస్ టీకా ఉంది, నెలలోపు మూడు డోసులు. అది పడితే, రేపు కరిచినా రెండు డోసులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. టీకా ఉందా లేదా అన్నదానితో పని లేకుండా, పన్ను దిగినా గోరు గీరినా 15 నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పో. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మన దగ్గర మందు లేదమ్మా. వచ్చే ఆదివారం లోపు మొదటి డోసు వేయించుకుని, కార్డు ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న