బడి, ఇల్లు, బస్తీ: పరస్పర బాంధవ్యం

తెలుగు ఇళ్ళలో పిల్లలకు విద్యాబుద్ధులు చెప్పించాలంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. తాలీమ్ అనగా చదువు. తర్బియత్ అనగా పెంపకం, నడవడిని తీర్చిదిద్దటం. రెండు భాషలూ ఒకే సత్యాన్ని చెబుతున్నవి. విద్యను బడికి, బుద్ధిని ఇంటికి వేరువేరుగా పంచి ఇవ్వటం సాధ్యం కాదు. బడి, ఇల్లు కలిసి పనిచేసినప్పుడే బిడ్డకు రెండూ అలవడతాయి. అయినను నేడు అనేక ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రులు గేటు వద్దనే ఆగిపోతున్నారు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులు నివసించే వీధిలో అడుగుపెట్టే సందర్భాలు అరుదైపోయినవి. ఈ దూరం ఎట్లు ఏర్పడినది? దీనిని తగ్గించటానికి చట్టాలు ఎంతవరకు తోడ్పడినవి? చట్టం చేయలేని పనిని ఎవరు చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించటమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

వీధిబడి నాటి బంధం

పూర్వం మన గ్రామాలలో వీధిబడులు ఉండేవి. ఇంటి అరుగే తరగతి గది; ఊరివారు ఇచ్చే ధాన్యం, కొద్దిపాటి రొక్కమే అయ్యవారి జీతం. దసరా పండుగకు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి వెళ్ళేవారు. పిల్లలు విల్లంబులు పట్టుకొని పాటలు పాడగా, గృహస్థులు అయ్యవారికి కానుకలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఇది కేవలం వేడుక కాదు. సంవత్సరానికి ఒక్కమారైనా గురువు ప్రతి విద్యార్థి గడప తొక్కే ఆచారమది. బిడ్డ ఎట్లు చదువుతున్నదో తల్లిదండ్రులు అడిగేవారు, అయ్యవారు చెప్పేవారు.

అయితే ఆ బంధాన్ని గురించి ఆలోచించేటప్పుడు దాని హద్దులను మరువరాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యను గురించి వివరాలు సేకరించవలసినదిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించినాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా చేరియున్న నాటి బళ్ళారి జిల్లా నుండి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపినాడు. దాని ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో 226 తెలుగు బడులు, 21 పారశీక బడులు. మొత్తం విద్యార్థులు 6,641 మంది. అందులో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. ముస్లిం బాలురు 243 మంది. ముస్లిం బాలిక ఒక్కతె కూడా లేదు. జిల్లా జనాభా తొమ్మిది లక్షలకు మించి ఉన్నదన్న విషయాన్ని దృష్టిలో ఉంచుకొన్నచో, ఈ బడులు ఎంత కొద్దిమందికి అందుబాటులో ఉండేవో స్పష్టమవుతుంది. వీధిబడి ఇంటికి దగ్గరగా ఉండేది. కాని ఎక్కువ ఇళ్ళకు దాని తలుపు మూసియే ఉండేది.

తెరుచుకొన్న తలుపు, పెరిగిన దూరం

ప్రభుత్వ పాఠశాల వచ్చి ఆ తలుపును కులమత భేదం లేకుండా అందరికీ తెరచినది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని దీనితోపాటు ఒక నష్టం కూడా కలిగినది. ఉపాధ్యాయుని జీతం ఊరి నుండి కాక ఖజానా నుండి రాసాగినది. నియామకం, బదిలీ, పాఠ్యప్రణాళిక, పరీక్ష అన్నీ పై కార్యాలయాలలో నిర్ణయమైనవి. ఊరివారి దృష్టిలో అది 'మన బడి' కాక 'సర్కారు బడి' అయినది.

దీనికి పేదరికం తోడైనది. దినకూలి చేసుకొనే తండ్రి పగలు బడికి రావలెనన్నచో ఆనాటి కూలి పోగొట్టుకోవలెను. చదువురాని తల్లి ఉపాధ్యాయుల ఎదుట కూర్చోవటానికి సంకోచిస్తుంది. పైగా బడి నుండి కబురు వచ్చేది సాధారణంగా ఎప్పుడు? పిల్లవాడు తప్పు చేసినప్పుడో, హాజరు తగ్గినప్పుడో, సంతకం కావలసినప్పుడో. బిడ్డ బాగా చదివినాడని చెప్పటానికి ఇంటికి వచ్చిన బడివారిని ఎంతమంది తల్లిదండ్రులు చూచి ఉంటారు? పిలుపు వచ్చినదంటే నింద తప్పదని భావించే కుటుంబం బడికి దూరంగానే ఉంటుంది. దానిని చూచి ఉపాధ్యాయులు 'ఈ తల్లిదండ్రులకు చదువుపై శ్రద్ధ లేదు' అని నిర్ణయిస్తారు. ఈ విధంగా ఒకరి సంకోచం మరొకరికి ఉదాసీనతగా తోస్తున్నది.

చట్టం ఇచ్చిన స్థానం

ఈ దూరాన్ని తగ్గించవలెనని ప్రభుత్వాలు ప్రయత్నించకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం చేసి, తల్లిదండ్రులు తమలో నుండి ఎన్నుకొన్న సభ్యులతో పాఠశాల విద్యా కమిటీలను ఏర్పరచిరి. 2009లో ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ దేశమంతటికీ పాఠశాల యాజమాన్య కమిటీలను విధించినది. కమిటీ సభ్యులలో నూటికి 75 మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులై ఉండవలెను; మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలై ఉండవలెను. వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండవలెను. బడి పనితీరును గమనించటం, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయటం, నిధుల వినియోగాన్ని పరిశీలించటం ఈ కమిటీ విధులు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మేరకు వండిన భోజనం బడులకు వచ్చినది. మన రాష్ట్రంలో అది 2003లో ఆరంభమైనది. వంట బాధ్యతను పలుచోట్ల మహిళా సంఘాలకు అప్పగించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు' నిర్మాణ పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిపించిరి. 2024 డిసెంబరు 7న ఆ రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలలో ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగినవి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి, మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్లు మొదలైన పనులను చేపట్టినవి.

ఇవన్నీ మెచ్చదగిన చర్యలే. కాని ఒక విషయాన్ని గమనించవలెను. ఈ ఏర్పాట్లలో తల్లి ఎక్కువగా వంటశాలకు, మరమ్మతుల లెక్కలకు పరిమితమైనది. 'నా బిడ్డ నాలుగవ తరగతికి వచ్చినా చదవలేకపోతున్నది, ఏమి చేద్దాము?' అని తరగతి గదిలో నిలిచి అడిగే అవకాశం ఆమెకు ఇంకను రాలేదు. చట్టం ఆమెకు కమిటీలో స్థానం ఇచ్చినది. ఆ స్థానంలో కూర్చొని నిర్భయంగా మాట్లాడటానికి కావలసిన చనువును చట్టం ఇవ్వజాలదు. అది రాకపోకల వలన, మాటామంతీ వలన మాత్రమే కలుగుతుంది.

రంగారెడ్డి జిల్లా నేర్పిన పాఠం

ఆ చనువు ఎట్లు కలుగుతుందో తెలుసుకొనటానికి మనకు దగ్గరలోనే ఒక నిదర్శనం ఉన్నది. ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్య గారి స్మారకంగా 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో బాలకార్మికులను బడికి చేర్చే కృషి ప్రారంభించినది. దీనికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు లభించినది; 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలైనారు.

బీదవారికి పిల్లల సంపాదన తప్పనిసరి, అందువలన వారు బడికి పంపరు అనే అభిప్రాయం ఆనాడు బలంగా ఉండేది. ఈ సంస్థ కార్యకర్తలు ఆ అభిప్రాయాన్ని అంగీకరింపక ఇంటింటికి వెళ్ళి అడిగిరి. తల్లిదండ్రులకు కోరిక లేకపోవటం కాదు, దారి తెలియకపోవటమే అసలు ఆటంకమని వారు గ్రహించిరి. బడిలో ఎట్లు చేర్చవలెనో, వయసు మించిన పిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టుదురో, అక్కడ ఎవరితో మాట్లాడవలెనో చెప్పేవారు లేరు. అందుచేత బడికి పోని ప్రతి బిడ్డ పేరును గ్రామంలోనే పట్టికగా వ్రాసి, అట్టి పిల్లలకు ముందుగా వసతి శిబిరాలు నడిపి, వారి వయసుకు తగిన తరగతికి సిద్ధపరచిరి. ఈ పనిలో ముఖ్యపాత్ర వహించినవారు స్థానిక యువకులు, యువతులు. వారిలో పలువురు తమ కుటుంబంలో మొదటిసారి చదువుకొన్నవారు. ఉపాధ్యాయులు, పంచాయతీ పెద్దలు కూడా వారితో కలిసిరి.

ఇందులో మనం గ్రహించవలసిన పాఠం స్పష్టమే. బడి కుటుంబాన్ని రమ్మని పిలవటానికి ముందు, బడి పక్షాన ఎవరో ఒకరు కుటుంబం వద్దకు వెళ్ళవలెను. మొదటి అడుగు వేయవలసినది బలం గలవారే గాని సంకోచించేవారు కాదు.

భాష అనే గడప

మన ప్రాంతానికి సంబంధించి మరొక ఆటంకాన్ని ప్రత్యేకంగా చెప్పవలెను. ఉర్దూ మాత్రమే చదవగల తల్లికి బడి నుండి తెలుగులోనో ఇంగ్లీషులోనో నోటీసు వస్తుంది. ఆమె దానిని బిడ్డ చేతనే చదివించుకోవలెను. బిడ్డ చెప్పినదే ఆమెకు తెలిసినది, చెప్పనిది తెలియదు. అట్లే ఉర్దూ మీడియం పాఠశాలలో ఉర్దూ రాని పొరుగువారికి ఆ బడి పరాయిదిగా తోస్తుంది. ఉర్దూ 2017లో తెలంగాణ రాష్ట్రమంతటికీ, 2022లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయినది. అధికార భాష కార్యాలయపు బోర్డుపై ఉండటం గౌరవమే; కాని అది ప్రగతి పత్రంపై, సమావేశపు ఆహ్వానంపై కనిపించినప్పుడే తల్లికి ఉపయోగపడుతుంది. ఒకే కాగితంపై ఒకవైపు తెలుగు, మరొకవైపు ఉర్దూ వ్రాయటానికి అయ్యే ఖర్చు స్వల్పం. దాని వలన కలిగే నమ్మకం అధికం.

ఎవరి బాధ్యత ఏమిటి?

పాఠశాల చేయవలసినవి: సంవత్సరారంభంలో ప్రతి విద్యార్థి ఇంటికి ఒక్కమారైనా ఉపాధ్యాయులు వెళ్ళవలెను, ఆ మొదటి రాకలో ఫిర్యాదు ఉండరాదు. సమావేశాలను కూలివారికి వీలైన సాయంకాలం లేదా సెలవుదినాన జరపవలెను. బస్తీలోని దర్జీ, వడ్రంగి, నేతగాడు తమ పనిని పిల్లలకు చూపేటందుకు వారిని బడికి ఆహ్వానించవలెను. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు 1937 వార్ధా సమావేశం నియమించిన కమిటీకి అధ్యక్షులై, చేతిపనిని విద్యకు కేంద్రంగా చేయవలెనని సూచించిరి. ఆ పథకం పూర్తిగా నిలువకపోయినా, శ్రమించే తండ్రి పనికి తరగతిలో గౌరవం దక్కవలెననే భావం నేటికీ ఆచరణీయమే.

కుటుంబం చేయవలసినవి: చదువు రాకపోయినా బిడ్డను రోజూ అడుగవచ్చును, వ్రాసిన పుస్తకాన్ని తెరచి చూడవచ్చును, వేళకు పంపవచ్చును. కమిటీలో ఉన్నచో, ప్రణాళికను చదివి వినిపించిన తరువాతనే సంతకం చేస్తానని అడగటం వారి హక్కు.

సమాజం చేయవలసినవి: మసీదు, దేవాలయం, చర్చి, యువజన సంఘం, గ్రంథాలయం మొదలైనవి జనం చేరే స్థలాలు. శుక్రవారం నమాజు తరువాత గాని, ఆదివారం ప్రార్థన తరువాత గాని, 'ఈ వీధిలో బడి మానిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?' అని అడిగే పెద్ద ఒకరున్నచో చాలును.

ఇక మన విద్యాసంస్థల మాట. 2012 సవరణ ప్రకారం మైనారిటీ పాఠశాలలలో యాజమాన్య కమిటీకి సలహా ఇచ్చే అధికారం మాత్రమే ఉన్నది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పినది. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పునఃపరిశీలించవలసిన అవసరాన్ని సూచించినది. న్యాయస్థానాల నిర్ణయం ఏదైనను, రాజ్యాంగం 30వ అధికరణం మనకు సంస్థలను నడుపుకొనే హక్కునిచ్చినది సమాజం కోసమే. ఆ సమాజపు తల్లులనే గేటు వెలుపల నిలిపినచో ఆ హక్కుకు అర్థం తగ్గిపోతుంది. చట్టం నిర్బంధించకపోయినను, తల్లిదండ్రుల కమిటీలను స్వచ్ఛందంగా బలపరచటం మన యాజమాన్యాలకు భూషణం.

కళాశాల విద్యార్థుల కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ వినిపిస్తాయి. ఒకే మధ్యాహ్నం రెండు భాషల ఇళ్ళలో కూర్చొని మాట్లాడగలిగిన యువజనం మనం. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలెను. ఆ గంటలను చెట్లు నాటటానికి, ఊరేగింపులకు మాత్రమే కాక, సమీప ప్రభుత్వ పాఠశాలకు కూడా కేటాయించవచ్చును. ఇద్దరు విద్యార్థులు ఒక వీధిని తీసుకొని, నోటీసును చదివి వినిపించి, సమావేశానికి తల్లికి తోడు వెళ్ళి, ఆమె మాటను ఉపాధ్యాయులకు, వారి మాటను ఆమెకు తెలియజేసినచో, కొంత కాలానికి ఆమె తోడు లేకుండానే వెళ్ళగలదు. ఆమెకు మన తోడు అవసరం లేని రోజు రావటమే మన సేవకు ఫలితం. ఈ కార్యక్రమానికి ఒక పాఠశాలను ఎన్నుకొని అనుమతి ఇవ్వవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.

1823 నాటి పట్టికలో ముస్లిం బాలికల సంఖ్య సున్న. నేడు ఈ సంచికను చదువుతున్నవారిలో ఆ సమాజపు బాలికలు ఎందరో ఉన్నారు. తెరుచుకొన్న బడి తలుపు వలన అది సాధ్యమైనది. ఆ తలుపులోనికి బిడ్డతోపాటు తల్లిదండ్రులను కూడా ఆదరంగా తోడ్కొని రావటం మన తరం చేయవలసిన పని.