టైప్-సి కేబుల్‌లో 56 కిలోఓమ్‌లు: ఆ నంబర్ ఎవరు రాశారు?

రాజమండ్రి మెయిన్ రోడ్డులో టైప్-సి కేబుల్ అడిగితే నాలుగైదు రకాలు ముందు పడేస్తారు. ధరలు వేరు, చూడ్డానికి అన్నీ ఒకటే. అసలు తేడా ప్లగ్ లోపలి బుల్లి రెసిస్టర్‌లో ఉంటుంది.

ఒక చివర పాత యూఎస్‌బీ-ఏ, ఇంకో చివర టైప్-సి ఉన్న కేబుల్‌లో అది 56 కిలోఓమ్‌లు ఉండాలి. దాన్ని బట్టే అవతల ఉన్నది పాత పోర్టని, కరెంట్ జాగ్రత్తగా లాగాలని ఫోన్‌కి తెలుస్తుంది. ఖర్చు తేడా ఏమీ లేకపోయినా కొందరు అక్కడ 10 కిలోఓమ్‌లు పెట్టేశారు. అంటే "3 ఆంపియర్లు లాక్కో" అని ఫోన్‌కి చెప్పినట్టే. అంత ఇవ్వలేని ల్యాప్‌టాప్ పోర్టు గతి ఏంటి? 2015లో గూగుల్ ఇంజనీర్ బెన్సన్ ల్యూంగ్ సొంతంగా కేబుల్స్ కొని టెస్ట్ చేయడం మొదలెట్టింది ఇందుకే. 2016 ఫిబ్రవరిలో వైర్లు తప్పుగా కలిపిన ఒక కేబుల్ ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్‌నే పాడుచేసింది.

మరి ఆ 56 ఎవరు రాశారు? ప్రభుత్వాలు కాదు, కంపెనీలు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం లాంటివి కలిసి 1996లో యూఎస్‌బీ 1.0 తెచ్చాయి. టైప్-సి స్పెసిఫికేషన్ 2014 ఆగస్టులో వచ్చింది. 2016లో ఐఈసీ దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకుంది. ఐఈసీలో ఓటు దేశాలది: ఫైనల్ డ్రాఫ్ట్ పాస్ కావాలంటే ఓటేసిన సభ్య దేశాల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, మొత్తం ఓట్లలో వ్యతిరేకం పావు వంతు దాటకూడదు.

మన దేశంలో ఈ పని బీఐఎస్‌ది. టైప్-సి కోసం ఐఎస్/ఐఈసీ 62680-1-3:2022 ప్రచురించినట్టు 2023 జనవరిలో ప్రకటించారు. అయితే ప్రమాణం రావడం వేరు, తప్పనిసరి కావడం వేరు. దానికి ప్రభుత్వం విడిగా ఆర్డర్ ఇవ్వాలి. యూరప్ అలా చట్టం చేసి 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకి టైప్-సి తప్పనిసరి చేసింది. యాపిల్ అంతకుముందే, 2023లో, ఐఫోన్ 15తో లైట్నింగ్ వదిలేసింది.

బీఐఎస్ డ్రాఫ్టులు జనం అభిప్రాయాల కోసం బయట పెడుతుంది. కాకినాడ, భీమవరం ఈసీఈ కుర్రాళ్లు కూడా రాయొచ్చు. ఐఈసీ నుంచి యథాతథంగా తెచ్చుకున్నవాటిలో మన మాటకి పెద్దగా చోటుండదు గానీ, ఇక్కడే తయారయ్యే ప్రమాణాల్లో ఉంటుంది. "బాలేదు" అని రాస్తే సరిపోదు: క్లాజ్ నంబర్, అభ్యంతరం, దాని బదులు ఏం ఉండాలో, మూడూ రాయాలి.