ఆ ధర ఎవరు చెప్పారు?

అరకు సంతలో కాటా ముందు కాసేపు నిలబడండి. రైతు ఎండబెట్టిన కాఫీ పార్చ్‌మెంట్ బస్తా దింపుతాడు. కొనేవాడు గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, రంగు చూసి ఓ ధర చెబుతాడు. అది నిరుటి ధర కాదు. ఎందుకు మారిందని అడిగితే ‘మార్కెట్టే అంత’ అంటాడు. తండ్రి పక్కన నిలబడ్డ పిల్లో పిల్లాడో డిగ్రీ చదువుతుంటే మాత్రం ఆ జవాబుతో ఊరుకోకూడదు. అంతర్జాతీయ వ్యవహారాల్లో ప్రభుత్వ ఆర్థికవేత్త కావాలనుకునేవారికి తొలి పాఠం ఆ కాటా దగ్గరే ఉంది.

అరబికా ధరకు ప్రపంచమంతా న్యూయార్క్ ఎక్స్ఛేంజీ వైపు చూస్తుంది. 1975 జులైలో బ్రెజిల్‌లో గడ్డకట్టే మంచుకు కాఫీ చెట్లు మాడిపోతే ధరలు ఆకాశాన్నంటాయి. 1989లో దేశాల మధ్య ఎగుమతి కోటాల ఒప్పందం కుప్పకూలితే నేలకు దిగాయి. 2023లో ఐరోపా సమాఖ్య ఒక చట్టం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని అక్కడ అమ్మడానికి వీల్లేదు. ఏ తోటలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలి. అమలు వాయిదా పడుతూ వచ్చింది కానీ, సమస్య ఎక్కడికీ పోలేదు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య ఎకరమో రెండెకరాలో సాగుచేసే గిరిజన రైతు ఆ రుజువు ఎలా తేవాలి? 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అందుకు సరిపోతుందా? ఖర్చెవరిది?

ఇలాంటి ప్రశ్నల మీద ఢిల్లీలో ఎవరో ఒకరు కూర్చుని రెండు పేజీల నోట్ రాయాలి. విదేశాలతో చర్చలకు వెళ్లే అధికారికి ఆ నోటే ఆసరా. రాసేది చిన్నప్పుడు కాఫీ పండ్లు కోసిన చేయి అయితే, అందులో రైతు కనబడతాడు. కొండల నుంచి ఆర్థికవేత్తలు రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

దారి ఉంది. 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. వయసు 21 నుంచి 30. ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు. రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. జవాబులు ఇంగ్లీషులోనే రాయాలి.

ఆ చివరి మాట దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు నేర్చిన మీకు ఇంకో భాష కొండేమీ కాదు. రోజూ ఒక వార్త చదివి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయండి. తప్పులు రానివ్వండి, మానకండి. కడప జిల్లా పాటూరులో పుట్టిన వై.వి. రెడ్డి 2002లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో భారత్, బంగ్లాదేశ్, భూటాన్, శ్రీలంకల తరఫున కూర్చున్నారు. ఆయన ఐఏఎస్ మీదుగా వెళ్లారు. ఊరు చిన్నదవడం ఆయనకు అడ్డు కాలేదు.

నేను చెప్పగలిగిన సాధన ఒక్కటే. నోటుబుక్కులో మూడు గీతలు గీసి గళ్లు చేయండి: సంతలో ధర, న్యూయార్క్ ధర, డాలరుకు రూపాయి విలువ. వారానికోసారి నింపండి. మూడూ ఒకే దిక్కుగా నడవని వారం వస్తుంది. కారణం తెలియకపోతే ‘తెలియదు’ అని రాసుకోండి, ఆ వారమంతా వెతకండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయని అలవాటు ఈ ఉద్యోగంలో మార్కుల కంటే గొప్పది. ఆర్నెల్లు గడిచేసరికి మారకపు రేటు గురించి గైడ్లు చెప్పనిది మీ నోటుబుక్కే చెబుతుంది.

నవంబరులో పండ్ల కోత మొదలవుతుంది. తొలి బస్తా కాటాకెక్కిన రోజు ధర మొదటి పేజీలో రాసిపెట్టండి.