యుద్ధం జరిగిన మర్నాడు

చిరంజీవి మనవడికి,

అమెరికా స్వాతంత్ర్య సమరంలో జరిగిన పోరాటాలన్నీ పట్టికగా రాసి, తేదీ, స్థలం, గెలిచినవారు, ఓడినవారు అని గళ్ళు గీసి పంపావు. వీటిలో ఏవి తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి, ఏవి వదిలేయవచ్చు అని అడిగావు. పట్టిక శ్రద్ధగా చేశావు, తేదీలన్నీ సరిపోయాయి. కానీ నాన్నా, అందులో ఒక గడి తక్కువైంది. మర్నాడు ఏమైంది అన్న గడి. అది లేకుండా ఈ యుద్ధం అర్థం కాదు. నీ పట్టికే ఒకసారి చూడు, అమెరికన్ సేనాని వాషింగ్టన్ ఓడినవి ఎన్ని ఉన్నాయో. బ్రిటిష్ సేన న్యూయార్కు పట్టుకుంది, ఫిలడెల్ఫియా పట్టుకుంది, చార్ల్‌స్టన్ పట్టుకుంది. అన్నన్ని చోట్ల గెలిచినవాళ్ళు చివరికి పదమూడు వలసల్నీ ఎలా పోగొట్టుకున్నారు? జవాబు యుద్ధం జరిగిన రోజున దొరకదు. మర్నాడు వెతకాలి.

మొదటి రోజునే తీసుకో. 1775 ఏప్రిల్ 19న బోస్టన్ నుంచి 700 మంది దాకా సిపాయిలు కాంకర్డ్ ఊళ్ళో దాచిన మందుగుండు పట్టుకోవడానికి బయలుదేరారు. దారిలో లెక్సింగ్టన్ పచ్చికబయలు మీద నిలబడ్డ ఊరివాళ్ళను కాల్చారు, ఎనిమిది మంది చనిపోయారు. అంతవరకు అది యుద్ధం కాదు, అణచివేత. తిరుగు దారిలో కథ మారింది. గోడల చాటు నుంచి, చెట్ల చాటు నుంచి రైతులు కాల్చిన తూటాలకు బోస్టన్ చేరేలోపు 270 మందికి పైగా సిపాయిలు చచ్చిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. మర్నాడు తెల్లారేసరికి బోస్టన్ చుట్టూ వేలమంది పల్లెవాళ్ళు తుపాకులతో దిగి ఉన్నారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోలేదు. ఏప్రిల్ 19ని ముఖ్యమైన తేదీ చేసింది ఏప్రిల్ 20.

బంకర్ హిల్ దగ్గర నువ్వు 'గెలుపు: బ్రిటన్' అని రాశావు. నిజమే. 1775 జూన్ 17న జనరల్ హౌ మూడోసారి ఎక్కి ఆ గుట్ట పట్టుకున్నాడు. పైనున్నవాళ్ళకు తుపాకి మందు అయిపోయింది కాబట్టి దొరికింది. కానీ ఆ మధ్యాహ్నం అతను పోగొట్టుకున్నది, చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి 1,054 మందిని. అవతలివైపు నష్టం సుమారు 450. ఇంగ్లండు నుంచి ఒక సిపాయి రావాలంటే సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం, పక్కనే ఉన్న మసాచుసెట్స్ పల్లె నుంచి రావాలంటే ఒక్క పూట నడక. అందుకే ఆ సాయంత్రం గుట్ట మీద జెండా ఎవరిదన్నది చిన్న సంగతి. ఇంకో సంగతి కూడా రాసుకో. తర్వాతి మార్చిలో బ్రిటిష్ వాళ్ళు బోస్టన్ ఖాళీ చేసి ఓడలెక్కారు. దానికి పోరాటమే జరగలేదు. హెన్రీ నాక్స్ అనే పుస్తకాల వ్యాపారి టికాండరోగా కోట నుంచి నడిచలికాలంలో, మంచు మీద బళ్ళు లాగించి ఫిరంగులు తెచ్చాడు. వాటిని ఊరికి ఎదురుగా ఎత్తు మీద నిలబెట్టేసరికి పని అయిపోయింది. పట్టికలో దీనికి చోటే లేదు, ఎందుకంటే ఎవరూ పోట్లాడలేదు.

ఇప్పుడు 1776. జులై 4న స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది, ఆగస్టు 27న లాంగ్ ఐలండ్‌లో వాషింగ్టన్ చిత్తుగా ఓడాడు. వెనక నది, ముందు శత్రువు. హౌ ఆ సాయంత్రమే ఇంకో దెబ్బ కొట్టి ఉంటే ఆ సేన, దానితో ఆ ప్రకటన కూడా అక్కడే ముగిసేవి. అతను ఆగి కందకాలు తవ్వించాడు. బంకర్ హిల్ అతనికి గుర్తుండే ఉంటుందని నా అభిప్రాయం. 29వ తేదీ రాత్రి మార్బుల్‌హెడ్ ఊరి జాలర్లు, జాన్ గ్లోవర్ అనే వాళ్ళ నాయకుడి కింద, చప్పుడు కాకుండా పడవలు నడిపి సుమారు 9,000 మందిని ఈస్ట్ రివర్ దాటించారు. తెల్లవారాక ఇంకా కొందరు మిగిలితే పొగమంచు కాపాడింది. ఓడిపోయి పారిపోవడం ఇది. అయినా ఆ యుద్ధం మొత్తంలో ఇంతకన్నా విలువైన రాత్రులు ఒకటి రెండుకు మించి ఉండవంటాను.

వాటిలో ఒకటి అదే జాలర్లకు మళ్ళీ దక్కింది. డిసెంబరు నాటికి వాషింగ్టన్ దగ్గర సేన కరిగిపోయింది. న్యూయార్కు పోయింది, ఫోర్ట్ వాషింగ్టన్‌లో దాదాపు 2,800 మంది ఖైదీలయ్యారు, న్యూజెర్సీ అంతా వెనక్కి నడిచాడు. అన్నిటికన్నా పెద్ద ముప్పు డిసెంబరు 31. చాలామంది సిపాయిలు ఒప్పుకున్న గడువు ఆ రోజుతో సరి. జనవరి ఒకటిన వాళ్ళు మూటలు కట్టుకుని ఇళ్ళకు పోతే ఆపే అధికారం ఎవరికీ లేదు. క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలావేర్ నదిని ఆ జాలర్లు నడిపిన పడవల్లో 2,400 మంది దాటారు. కొందరి కాళ్ళకు చెప్పులు లేక గుడ్డలు చుట్టుకున్నారు. అదే రాత్రి దాటవలసిన మరో రెండు దళాలు దాటలేకపోయాయి. పొద్దున ట్రెంటన్‌లో ఉన్న, బ్రిటన్ తరఫు జర్మన్ కిరాయి సైన్యం మీద పడి 900 మందిని పట్టుకున్నారు. వాళ్ళ కర్నల్ రాల్ చనిపోయాడు. అంకెల్లో చూస్తే చిన్న పోరు, ముప్పావు గంట పని. మర్నాడు చూడు. గడువు తీరబోతున్న సిపాయిలను వాషింగ్టన్ ఇంకో ఆరువారాలు ఉండమని అడిగాడు, తలా పది డాలర్లు ఇస్తానన్నాడు, చాలామంది ఉండిపోయారు. జనవరి 3న ప్రిన్స్‌టన్‌లో ఇంకో గెలుపు. పదిరోజుల్లో ఒక సేన చావు తప్పించుకుంది. మన తెలుగువాళ్ళు ఇవాళ ఆ న్యూజెర్సీలో ఎంతోమంది ఉన్నారు. మీ పిన్నివాళ్ళ దగ్గరికి ఎప్పుడైనా వెళితే ఆ నది ఒడ్డుకు తప్పకుండా తీసుకెళ్ళమని అడుగు.

ఇక సారటోగా. దీని దగ్గర కాస్త ఆగు, తొందరపడకు. 1777లో బ్రిటిష్ జనరల్ బర్గాయిన్ కెనడా నుంచి దిగి హడ్సన్ నది దారిన ఆల్బనీ చేరాలి, న్యూ ఇంగ్లండును మిగతా వలసల నుంచి తెగ్గొట్టాలి. అదీ పథకం. కింది నుంచి వచ్చి కలుస్తాడనుకున్న హౌ మాత్రం ఓడలెక్కి ఫిలడెల్ఫియా మీదికి పోయాడు. బర్గాయిన్ వెంట బళ్ళు, ఫిరంగులు, సామాను బోలెడు. అవతలివాళ్ళు గొడ్డళ్ళతో చెట్లు నరికి దారికి అడ్డంగా పడేశారు, వాగుల మీద వంతెనలు విరగ్గొట్టారు. ఇరవై పైచిలుకు మైళ్ళు జరగడానికి అతనికి మూడు వారాలు పట్టింది. తిండి తగ్గిపోతే, గుర్రాలూ ధాన్యమూ తెమ్మని బెన్నింగ్టన్ వైపు పంపిన దళం ఆగస్టు 16న నాశనమైంది. దాదాపు 900 మంది పోయారు. సెప్టెంబరు 19న ఫ్రీమన్ పొలంలో పోరు జరిగి, రాత్రికి నేల బర్గాయిన్ చేతిలోనే ఉంది. నీ పట్టికలో అది బ్రిటన్ గెలుపు. కానీ అతను 600 మందిని పోగొట్టుకున్నాడు, మర్నాడు ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాడు. ఎదురుగా బెమిస్ ఎత్తుల మీద కోష్చూష్కో అనే పోలండు ఇంజనీరు కట్టించిన గట్లు అలాగే ఉన్నాయి, వాటి వెనక మనుషులు రోజురోజుకూ పెరుగుతున్నారు. అక్టోబరు 7న మళ్ళీ ప్రయత్నించి ఓడి, 17న సారటోగా దగ్గర ఆరువేలకు దగ్గరగా ఉన్న సేనతో లొంగిపోయాడు. ఆ 7వ తేదీన అమెరికన్లకు ముందుండి పోరాడి కాలు విరగ్గొట్టుకున్నవాడు బెనెడిక్ట్ ఆర్నాల్డ్. మూడేళ్ళకు అతనే వెస్ట్ పాయింట్ కోటను శత్రువుకు అప్పగించబోయాడు. మనిషిని ఒక్క రోజుతో తూచకు.

సారటోగా మర్నాడు అన్నది అమెరికాలో కాదు, పారిస్‌లో తెల్లవారింది. ఫ్రాన్సు అంతవరకు దొంగచాటుగా తుపాకులూ మందూ పంపుతూ ఉంది. బర్గాయిన్ లొంగిన కబురు డిసెంబరులో చేరాక, అమెరికా తరఫున ఫ్రాంక్లిన్ అక్కడ నడిపిన మంతనాలు ఫలించి 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు బాహాటంగా ఒప్పందం చేసుకుంది. తర్వాతి ఏడాది స్పెయిన్ దిగింది. ఇక బ్రిటన్ వెస్టిండీస్‌లో చక్కెర దీవులు కాపాడుకోవాలి, జిబ్రాల్టర్ కాపాడుకోవాలి, ఇండియా కాపాడుకోవాలి. పదమూడు వలసల గొడవ ప్రపంచ యుద్ధమైంది.

మధ్యలో ఒక మాట. నీ పట్టికలో చోటు లేని శత్రువు రోగం. ఒక అంచనా ప్రకారం అమెరికన్ సేనలో పోరులో చనిపోయినవారు సుమారు 6,800, జబ్బులతో పోయినవారు 17,000. వ్యాలీ ఫోర్జ్‌లో 1777-78 చలికాలం విడిదిలో, తూటా పేలకుండానే దాదాపు 2,000 మంది పోయారు. 1777 తొలి నెలల్లో వాషింగ్టన్ తన సేనకంతా మశూచి రాకుండా చర్మం కింద ఆ రోగపు చీమునే కొద్దిగా ఎక్కించే పద్ధతి అమలు చేయించాడు. టీకా కనిపెట్టడానికి చాలాముందు సంగతి ఇది. నన్నడిగితే అది ట్రెంటన్‌కు తీసిపోని విజయం.

దక్షిణాది సంగతికి వద్దాం. 1780 మే నెలలో చార్ల్‌స్టన్ పడిపోయింది, 5,000 మంది ఖైదీలయ్యారు. ఆగస్టులో క్యామ్డెన్ దగ్గర ఇంకో అమెరికన్ సేన నాశనమైంది. అప్పుడు అక్కడికి వెళ్ళినవాడు నథానియల్ గ్రీన్. నీ పట్టికలో అతని పేరు ఎదుట అన్నీ ఓటములే. 1781 మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ చేతిలో ఓడాడు. ఏప్రిల్‌లో హాబ్‌కర్క్ గుట్ట దగ్గర ఓడాడు. నైంటీ సిక్స్ కోట ముట్టడి విడిచి వెనుదిరిగాడు. కానీ గిల్‌ఫర్డ్‌లో గెలిచిన కారన్‌వాలిస్ తన 1,900 మందిలో 530 మందికి పైగా పోగొట్టుకున్నాడు. గాయపడ్డవాళ్ళను మోసుకుంటూ, తిండి కోసం సముద్రతీరానికి నడిచాడు. గెలిచినవాడు తీరానికి పోయాడు, ఓడినవాడు లోపలి దేశంలో మిగిలాడు. ఆ ఏడాది ఆఖరుకు దక్షిణాదిలో బ్రిటన్‌కు చార్ల్‌స్టన్, సవానా రేవులు తప్ప ఏమీ మిగల్లేదు. గ్రీన్ గురించి పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాలతో సరిపెడతాయి. నాకు అది ఎప్పుడూ బాధే.

తీరం నుంచి కారన్‌వాలిస్ వర్జీనియాకు వెళ్ళి యార్క్‌టౌన్‌లో దిగాడు. వెనక సముద్రం ఉంది కదా, ఓడలొస్తాయి కదా అన్నది అతని ధీమా. ఆ ధీమా 1781 సెప్టెంబరు 5న చెసపీక్ అఖాతం నోటి దగ్గర పోయింది. ద గ్రాస్ నడిపిన 24 ఫ్రెంచి యుద్ధనౌకలకూ, 19 బ్రిటిష్ నౌకలకూ కొన్ని గంటల పోరు. ఒక్క ఓడ కూడా అక్కడ మునగలేదు. కానీ బ్రిటిష్ నౌకలు బాగుచేసుకోవడానికి న్యూయార్కు తిరిగిపోయాయి, ఫ్రెంచివాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. ఆ సముద్ర పోరులో ఒక్క అమెరికన్ ఓడ లేదు. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన పోరులో ఆ దేశపు ఓడ లేదన్న సంగతి బాగా ఆలోచించు. ఈలోపు వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబో న్యూయార్కు దగ్గరి నుంచి నడిచి వచ్చి ముట్టడి వేశారు. అక్టోబరు 9న ఫిరంగులు మొదలయ్యాయి, 14 రాత్రి రెండు బురుజులు పడ్డాయి, 19న ఏడువేలకు పైగా సిపాయిలు ఆయుధాలు దించారు. ఒంట్లో బాగాలేదని కారన్‌వాలిస్ రాలేదు, కింది అధికారిని పంపాడు. అతన్ని కాపాడడానికి న్యూయార్కు నుంచి ఓడలు బయలుదేరింది కూడా సరిగ్గా ఆ 19వ తేదీనే.

స్వేచ్ఛ కోసం జరిగిన యుద్ధమని రాసేటప్పుడు, ఎవరి స్వేచ్ఛ అని కూడా రాయి నాన్నా. తిరుగుబాటుదారుల దగ్గర నుంచి పారిపోయి వస్తే విడుదల అని 1775లో వర్జీనియా బ్రిటిష్ గవర్నరు ప్రకటించాడు. వేలమంది నల్లబానిసలు అటు వెళ్ళారు. యార్క్‌టౌన్ ముట్టడిలో తిండి తగ్గేసరికి, వాళ్ళలో మశూచి పట్టినవాళ్ళను కారన్‌వాలిస్ సేన బయటికి గెంటేసింది. బతికినవాళ్ళలో చాలామందిని పాత యజమానులు మళ్ళీ పట్టుకుపోయారు. ఇరొక్వా జాతుల ఊళ్ళను 1779లో వాషింగ్టన్ ఆజ్ఞ మీద సల్లివన్ సేన తగలబెట్టింది, నలభైకి పైగా ఊళ్ళు, చేల మీద మొక్కజొన్నతో సహా. 1783 సెప్టెంబరు 3న పారిస్‌లో రాసుకున్న సంధిలో ఆ జాతుల ప్రస్తావనే లేదు. వాళ్ళ మర్నాడు గురించి ఎవరూ అడగలేదు. నువ్వు అడుగు.

మనకేం సంబంధం అని మీ నాన్న అంటాడేమో. ఫ్రాన్సు యుద్ధంలోకి దిగగానే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ 1778లో పుదుచ్చేరిని, మరుసటి ఏడు మాహేను పట్టుకున్నారు. మాహే రేవు ద్వారానే మైసూరు హైదర్ అలీకి ఆయుధాలు వచ్చేవి. ఆ కోపంతో 1780లో అతను కర్నాటిక్ సీమ మీద పడ్డాడు, సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ దళాన్ని తుడిచిపెట్టాడు. ఆ ప్రపంచ యుద్ధపు ఆఖరి పోరుల్లో ఒకటి 1783 జూన్ 20న కడలూరు ఎదుట సముద్రంలో జరిగింది. అప్పటికే బ్రిటన్, ఫ్రాన్సు జనవరిలో రాజీపడ్డాయి. ఆ కబురు ఓడ మీద వచ్చేలోపు ఇక్కడ మనుషులు చనిపోతూనే ఉన్నారు.

యార్క్‌టౌన్‌లో లొంగిన కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశం వచ్చాడు. నిజాం రౌతులనూ మరాఠాలనూ వెంట పెట్టుకుని 1792లో టిప్పును ఓడించాడు. ఆ సంధిలో కడప సీమ నిజాంకు వచ్చింది, 1800లో నిజాం దాన్ని కంపెనీకి ధారపోశాడు. దత్త మండలాల్లో అదీ ఒకటి. కారన్‌వాలిస్ 1793లో బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి ఉత్తర సర్కారులకూ వచ్చింది. మన తాతల ఊళ్ళ మీద జమీందార్లు శాశ్వతంగా కూర్చున్నది ఆ చట్టంతోనే. నీ పట్టికలో కారన్‌వాలిస్ పేరు 1781 దగ్గర ఆగిపోయింది. 1805లో గాజీపూర్‌లో అతను చనిపోయేదాకా గళ్ళు పెంచి, మళ్ళీ నాకు పంపు.

వేళకు తిను, రాత్రుళ్ళు మరీ మేలుకోకు.

ఇట్లు,
అమ్మమ్మ