లింగాలగట్టు జిలేబీ, మా ఇంటి ఆరాటస్

ముందే చెప్తున్నా, నేను ఇంగ్లీష్ మీడియం బాపతు. ఒత్తులు తప్పితే మన ఎడిటర్ గారు సరిచేస్తారు, చేపలు తప్పితే మాత్రం నాదే బాధ్యత.

మాది సున్నిపెంట. శ్రీశైలం కొండ మీద గుడి ఊళ్ళో చేపల మాట ఎత్తకూడదు, కానీ ఘాట్ దిగి డ్యామ్ కిందికి వస్తే లింగాలగట్టు. అక్కడ కృష్ణలో పట్టిన చేపలు రోడ్డు పక్కనే అమ్ముతారు. నాయనతో వెళ్ళినప్పుడల్లా నేను చూసే చేప ఒకటుంది. బూడిద రంగు, వీపు మీద ముళ్ళ రెక్క, లావు పెదాలు. మా వైపు జిలేబీ అంటారు, పుస్తకాల్లో తిలాపియా. కిలో రేటు అడగడం తప్ప దాని గురించి నాకేమీ తెలియదు.

ఫస్టియర్ సెలవుల్లో నేను కర్నూలు వెళ్ళి అక్వేరియం షాపులో 'మిక్స్‌డ్ ఆఫ్రికన్ సిక్లిడ్స్' ఎనిమిది కొనుక్కొచ్చాను. నీలం, పసుపు, నారింజ, సముద్రపు చేపల్లా మెరిసిపోతున్నాయి. రెండడుగుల ట్యాంకులో అన్నీ కలిపి వేశాను. ఆ వారమే ఇంటర్నెట్‌లో చదివితే తెలిసింది, లింగాలగట్టు జిలేబీ కూడా ఆఫ్రికన్ సిక్లిడే. ఒకే కుటుంబం. అది 1952లోనే ఇండియాకి వచ్చేసింది, నేను డెబ్భై ఏళ్ళు లేటు.

ఆ ఎనిమిదిలో ఆరు నెలల తర్వాత మిగిలింది రెండు. ఈ వ్యాసం మిగతా ఆరింటి గురించి. మీలో ఎవరైనా హాస్టల్ వదిలి ఇంటికెళ్ళాక ట్యాంక్ పెట్టాలనుకుంటుంటే, కొనే ముందు చదవండి.

మొదట మనకి కలిసొచ్చే విషయం, నీళ్ళు. షాపుల్లో దొరికే టెట్రాలు, డిస్కస్‌లు అమెజాన్ వైపు నుంచి వచ్చినవి. వాటికి మెత్తటి, కాస్త ఆమ్ల గుణమున్న నీళ్ళు కావాలి. మన సీమలో బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, ఆ నీళ్ళలో అవి ఈసురోమంటాయి. ఆఫ్రికా సరస్సుల చేపలది దీనికి పూర్తిగా రివర్స్. మలావి సరస్సు నీళ్ళ పీహెచ్ సుమారు 7.7 నుంచి 8.7 దాకా ఉంటుంది, టాంగన్యీకాలో 9కి దగ్గర. మా ఇంటి కుళాయి నీళ్ళు స్ట్రిప్‌తో చూస్తే 8 చూపించింది. అంటే మనం తిట్టుకునే గట్టి నీళ్ళే వీటికి అమృతం.

రాళ్ళూ అంతే. సరస్సు అంచున రాళ్ళ సందుల్లో బతికే చేపల్ని అక్కడి టోంగా భాషలో 'ఎంబునా' అంటారు, రాతి చేప అని అర్థం. వీటికి ట్యాంకులో గుహలు కట్టాలి. మా మామది బేతంచెర్ల. బండల పాలిష్ దగ్గర విరిగిపోయిన నాపరాతి ముక్కలు ఒక గోతం నిండా తెచ్చిచ్చాడు. నేను రెండు రాళ్ళ మీద వెనిగర్ చుక్కలు వేసి చూశాను. మామ తెచ్చిన నాపరాయి బుస్సుమని నురగ కట్టింది, అది సున్నపురాయి కాబట్టి. మా ఇంటి వెనక పునాది తవ్వినప్పుడు తీసిన శ్రీశైలం రాయి ఉలకలేదు పలకలేదు. నల్లమల కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్, దానికి ఆమ్లంతో పని లేదు. రెండూ వాడొచ్చు. నురగ కట్టేది మాత్రం ఇంకో పని కూడా చేస్తుంది. చేపల మలమూత్రాల్ని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాంతో పీహెచ్ మెల్లగా పడిపోతుంది. అప్పుడు నాపరాయి కొద్దికొద్దిగా కరిగి నిలబెడుతుంది. షాపులో ఇదే పని చేసే కోరల్ పొడికి డబ్బులు కట్టాలి. (అడవిలోకి వెళ్ళి రాళ్ళు ఏరుకురాకండి. అది టైగర్ రిజర్వ్, ఫారెస్టు వాళ్ళు ఊరుకోరు.)

నీళ్ళు కుదిరాయి, రాళ్ళు కుదిరాయి. మరి ఎందుకు చచ్చిపోయాయి? ఒకదానికొకటి పడలేదు, అంతే.

డీఎస్ఏ క్లాసులో గ్రాఫ్స్ చెప్తున్నప్పుడు నాకు ట్యాంకే గుర్తొచ్చింది. ఒక్కో జాతి ఒక నోడ్. పడని రెండింటి మధ్య ఒక ఎడ్జ్ గీయండి. మీ ట్యాంకులో వేయాల్సింది ఇండిపెండెంట్ సెట్, అంటే మధ్యలో ఒక్క ఎడ్జ్ కూడా లేని నోడ్‌ల గుంపు. షాపువాడు నాకు ఇచ్చింది దాదాపు కంప్లీట్ గ్రాఫ్. మూడు ఎల్లో ల్యాబ్‌లు, రెండు ఆరాటస్‌లు, రెండు రెడ్ జీబ్రాలు, ఒక లివింగ్‌స్టోనీ. కొన్నప్పుడు అన్నీ రెండంగుళాలే. ల్యాబూ పసుపే, ఆరాటస్ పిల్లా పసుపే, దానికి నల్ల చారలు అదనం. నేను రెండూ చుట్టాలనుకున్నా.

ఎడ్జ్‌లు ఎక్కడెక్కడ పడతాయో చూద్దాం.

ఒకటి, స్వభావం. ఎంబునాల్లో ఎల్లో ల్యాబ్, రస్టీ, ఎసీ కాస్త సాధువులు. ఆరాటస్, కెన్యీ రౌడీలు. ఆరాటస్ పిల్లలూ ఆడవీ పసుపు మీద నల్ల చారలతో ఉంటాయి. మగది పెత్తనం చేతికి రాగానే రంగు తిరగబడి నల్లగా అవుతుంది, చారలు లేత రంగులోకి వస్తాయి. మా ఇంట్లో అది నాలుగో నెలలో నల్లబడింది. ట్యాంకంతా నాదే అన్నట్టు తిరిగేది. మొదట రెండో ఆరాటస్, తర్వాత జీబ్రాలు, తర్వాత ల్యాబ్‌లు. పొడిచి పొడిచి రెక్కలు చీల్చి, పైన ఫిల్టర్ పైపు వెనక దాక్కునేలా చేసేది. తిండికి కిందికి రానివ్వదు. చెల్లి తన ల్యాబ్‌కి పులిహోర అని పేరు పెట్టుకుంది. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి చూస్తే పులిహోర తేలుతూ ఉంది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. 'నువ్వే కదా రెండూ ఒకటే అన్నావు' అంది. నిజమే, అన్నాను.

రెండు, సైజు. లివింగ్‌స్టోనీ పది అంగుళాల దాకా పెరుగుతుంది. సరస్సులో అది ఇసుక మీద పక్కకి ఒరిగి చచ్చినట్టు పడుకుంటుంది, శవం తిందామని వచ్చిన చిన్న చేపని గుటుక్కుమనిపిస్తుంది. అంత నటన తెలిసినదాన్ని రెండడుగుల ట్యాంకులో పెట్టడం నా తెలివి. అదీ బతకలేదు.

మూడు, తిండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎంబునాల్లో ఎక్కువ భాగం రాళ్ళ మీది పాచి గీక్కుని తినేవి, పొడుగు పేగులు. వాటికి మాంసం ఎక్కువైతే పొట్ట ఉబ్బి చచ్చే బ్లోట్ జబ్బు భయం. స్పిరులీనా గుళికలు, ఉడికించిన పాలకూర చాలు. పీకాక్‌లు అనేవి వేరు. అవి ఇసుక పైన కదలకుండా నిలబడి, దవడ కింద ఉన్న చిన్న గుంటలతో ఇసుకలో పురుగు కదలికని పసిగట్టి తింటాయి. నెమ్మదస్తులు. వాటిని రౌడీ ఎంబునాలతో కలిపితే తిండీ కుదరదు, బతుకూ కుదరదు. సాధువు ల్యాబ్‌తో మాత్రం సర్దుకుంటాయి.

నాలుగోది నాకు బాగా నచ్చిన విషయం, పోలిక. మగ చేప ఎక్కువగా కొట్టేది తనలా కనిపించేవాణ్ణే, పోటీ అనుకుని. కాబట్టి రంగూ చారలూ వేరువేరుగా ఉన్న జాతులు తీసుకోవాలి. పైగా దగ్గరి జాతులు కలిస్తే సంకరం పుడుతుంది. దీనికి విక్టోరియా సరస్సులో పెద్ద ఉదాహరణే ఉంది. అక్కడ ఆడ చేపలు మగవాటి రంగు చూసి తమ జాతి గుర్తుపడతాయి. మురుగు చేరి నీళ్ళు మసకబారాక రంగులు కనపడక జాతులు కలిసిపోవడం మొదలైందని ఓలె సీహౌసెన్ బృందం 1997లో సైన్స్ పత్రికలో రాసింది. నీళ్ళు మురికైతే జాతులే చెరిగిపోతున్నాయి. ట్యాంక్ లైటు ఆపేసి కాసేపు దీని గురించే ఆలోచించాను.

ఇప్పుడు ప్రోగ్రామర్లు ఒక అభ్యంతరం చెప్తారు. ఎడ్జ్‌లు తెలిస్తే లిస్ట్ రాసేసుకుంటే పోలేదా? పోదు. ఈ గ్రాఫ్‌లో వెయిట్లు రన్ టైమ్‌లో మారతాయి. ట్యాంక్ చిన్నదైతే పెరుగుతాయి. ఒక మగకి ఒకే ఆడది ఉంటే దాన్ని వెంటాడి చంపేస్తుంది, మూడు నాలుగు ఉంటే కోపం పంచుకుంటాయి. మామూలు చేపలకి తక్కువ వేయమంటారు, ఎంబునాలకి కాస్త ఎక్కువే వేయమంటారు, ఎవడినీ ప్రత్యేకంగా టార్గెట్ చేయడానికి వీల్లేకుండా. సిటీ బస్సులో నిలబడ్డవాళ్ళు కొట్టుకోరు, ఖాళీ బస్సులో కిటికీ సీటుకి కొట్టుకుంటారు, అలా. కానీ గుంపు పెరిగితే ఫిల్టర్ కూడా పెరగాలి. పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అమ్మోనియా ఇంకా విషం. కొత్త ట్యాంకుని నాలుగు నుంచి ఆరు వారాలు బ్యాక్టీరియా పట్టనివ్వండి, వారం వారం పావు వంతుకి పైగా నీళ్ళు మార్చండి. మే నెలలో మన ఎండకి నీళ్ళు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉండాలి.

నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ట్యాంకులో దాదాపు 250 లీటర్లు పడతాయి. నా రెండో ప్రయత్నం అది. ల్యాబ్‌లు ఎనిమిది, రస్టీలు ఆరు, పసుపు తోక ఎసీలు ఆరు. అన్నీ ఒకేసారి వేశాను, ముందొచ్చినవాడు జాగా కబ్జా చేయకుండా. ల్యాబ్‌లు, రస్టీలు రాళ్ళ చుట్టూ, ఎసీలు పైన ఈదుతాయి. అప్పుడప్పుడూ తరుముకుంటాయి, రక్తపాతం లేదు.

రెండడుగులకు మించి జాగా లేనివాళ్ళు ఎంబునాల జోలికి పోవద్దు. టాంగన్యీకా మల్టీలు చూడండి. రెండంగుళాలు కూడా దాటవు, ఖాళీ నత్తగుల్లల్లో కాపురం ఉంటాయి. ఇసుక, ఒక దోసెడు నత్తగుల్లలు వేస్తే చాలు. వాటిని మాత్రం విడిగానే ఉంచండి.

ఇక ఆ నల్లబడ్డ ఆరాటస్ సంగతి. కొత్త ట్యాంకులో వేయలేను. షాపువాడు వెనక్కి తీసుకోలేదు. మామ వచ్చి చూసి, 'ఏముండాదిరా అల్లుడూ దీంట్లో, పాతాళగంగలో ఇడ్సిపెట్టు, పుణ్యమన్నా వస్తాది' అన్నాడు. నాక్కూడా ఆ క్షణం అదే సులువనిపించింది. బకెట్టు కూడా తీశాను. నాయనతో లింగాలగట్టు వెళ్ళినప్పుడు చేపలమ్మే అక్కని ఊరికే అడిగాను, జిలేబీ ఎట్లా పెరిగింది ఇంతగా అని. ఆమె గిన్నెలోంచి ఒక జిలేబీని ఎత్తి దవడ విప్పి చూపించింది. 'ఇది పిల్లల్ని నోట్లో పెట్టుకోని సాక్తాది నాయనా. దీన్ని యాడ ఏసినా బతుకుతాది.'

ఆరాటస్ కూడా అంతే, నోట్లో గుడ్లు దాచి సాకే రకమే. ఆఫ్రికాలో 1950లలో విక్టోరియా సరస్సులో వదిలిన నైల్ పెర్చ్ వందల సిక్లిడ్ జాతుల్ని తుడిచిపెట్టింది. మన కృష్ణలోనే ఎవరో అక్వేరియంలో పెంచి వదిలిన డెవిల్ ఫిష్ ఇప్పుడు వలలు చింపుతోంది. ఒక్క మగ ఆరాటస్ ఒంటరిగా ఏం చేస్తుందిలే అని మీరనొచ్చు. నేనొక్కణ్ణే వదులుతున్నానని నాకేం గ్యారంటీ? బకెట్టు మళ్ళీ బాత్‌రూంలో పెట్టేశాను.

పాత రెండడుగుల ట్యాంకులో అది ఇప్పుడు ఒక్కటే ఉంది. అద్దంలో తన నీడతోనే కొట్లాడుతుంది. నేను తిండి వేయడానికి వెళ్తే నా వేలి మీదికి వస్తుంది. చెల్లి దానికి పేరు పెట్టలేదు, దాని వైపు చూడదు. ఆరడుగుల ట్యాంక్ ఉండి, మిగతా రౌడీల్ని కూడా సాకే ఓపిక ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ వ్యాసం చదువుతుంటే క్లబ్ మీటింగ్‌లో నన్ను కలవండి. ఉచితం. నాపరాళ్ళు కూడా ఇస్తాను.